అమ్మకు సముద్రం చూపించబోయి

మా వీధిలో అండమాన్ దీవులకు వెళ్ళివచ్చిన కుటుంబం మాదొక్కటే. అందుచేత రెండేళ్ళుగా నేనొక సలహాదారునై కూర్చున్నాను. తెలుగు పాఠం గురించి నన్ను అడిగేవాళ్ళు ఏడాదికి నలుగురు ఉంటారో లేదో గాని, "మాస్టారూ, అండమానుకు ఎంతవుతుంది, ఎప్పుడు వెళ్ళాలి, ఏమేం పట్టుకెళ్ళాలి?" అని అడిగేవాళ్ళు నెలకొకరు తగులుతూనే ఉన్నారు. మొన్న మా కాలేజీలో లెక్కలు చెప్పే మిత్రుడు ఏకంగా కాగితం, కలం పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "ఒకటి, రెండు, మూడు అని వరసగా చెప్పండి, రాసుకుంటాను" అన్నాడు.

ఆ వరస కాగితమే మా కొంప ముంచిందని ఆయనకు ఎలా చెప్పను? నేనూ అలాంటి కాగితం రాసుకునే బయలుదేరాను. అందులో అన్నీ ఉన్నాయి, చేయకూడని పనులతో సహా.

అసలీ ప్రయాణం ఎందుకు పుట్టిందో ముందు చెప్పాలి. మాది నీళ్ళ విలువ తెలిసిన ఊరు. కొళాయి నీళ్ళు వారానికొకసారి వచ్చిన వేసవులు మా అమ్మ చాలా చూసింది. ఇంట్లో ఏ బిందెలో ఎన్ని రోజుల నీళ్ళున్నాయో ఆమెకు కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. డెబ్బై రెండేళ్ళ వయసులో తిరుపతి, శ్రీశైలం, మంత్రాలయం అన్నీ చూసింది గాని సముద్రం చూడలేదు. ఒకనాడు టెలివిజన్‌లో ఏదో అలల బొమ్మ చూస్తూ, "అదొక్కటి చూసిపోతే సాలప్పా" అన్నది. ఆ "పోతే" అన్న మాట నాకు గుచ్చుకుంది.

సముద్రమే కావాలంటే చెన్నైలో ఉంది, పది రూపాయల ఆటో దూరంలో అనరాదు గాని, రైలు దిగితే దగ్గరే. కాని పిల్లలు పట్టుబట్టారు: చూస్తే అండమానే చూడాలట. నాకూ లోపల ఒక కోరిక ఉంది. సెల్యులార్ జైలు గురించి ఇరవై ఏళ్ళుగా క్లాసులో చెబుతున్నాను, ఒక్కసారైనా చూడలేదు. మా ఆవిడ మాత్రం, "మేడమీద గదికని దాచిన డబ్బు కదండీ అది" అన్నది. గది వచ్చే ఏడు వేసుకుందామన్నాను. ఆ వచ్చే ఏడు ఇంకా రాలేదు.

మొదటి తప్పు నెల ఎంచుకోవడంలో జరిగింది. మా సెలవులు మే నెలలో. మే అంటే మా వైపు ఎండ. వాన కోసం ఆకాశం వంక చూడడం జూన్‌లో గాని మొదలుకాదు. దేశమంతా అదే పంచాంగమనుకున్నాను. నైరుతి ఋతుపవనాలు కేరళకు రాకముందే అండమాన్ సముద్రం మీదికి వస్తాయని, అది మామూలుగా మే మూడో వారంలో జరుగుతుందని భూగోళం పుస్తకంలో నేనూ చదివినవాణ్ణే. టిక్కెట్లు కొనేటప్పుడు ఆ పుస్తకం గుర్తుకు రాలేదు. అక్కడ ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన కురుస్తుంది. అంటే మాకు నాలుగైదేళ్ళలో పడే వాన వాళ్ళకు ఒక్క ఏడాదిలోనే! మే చివర మొదలై నవంబరు దాకా ఏదో ఒక రూపంలో పడుతూనే ఉంటుంది. మేము పద్దెనిమిదో తారీఖుకు టిక్కెట్లు తీసుకున్నాము. ప్రయాణం ఏర్పాటు చేసిన ఏజెంటు, "ఇప్పుడైతే గదులు చవకండీ" అన్నాడు. ఎందుకు చవకో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

జనవరి నుంచి ఏప్రిల్ వరకు మంచి రోజులు. మాలాంటి ఉపాధ్యాయులకు సంక్రాంతి సెలవులున్నాయి. అప్పుడు ఛార్జీలు ఎక్కువే గాని మూడు నెలల ముందు కొంటే మరీ అంత భారం కాదు.

ఇక దారి. ఓడలో వెళ్ళాలని ఉత్సాహపడేవాళ్ళుంటారు. చెన్నై నుంచి, విశాఖపట్నం నుంచి, కలకత్తా నుంచి ఓడలున్నాయి. మూడు రోజుల చిల్లర ప్రయాణం. అవి బస్సుల్లాగా రోజూ బయలుదేరేవి కావు; ఏ తేదీన కదులుతుందో కొద్ది వారాల ముందుగాని తేలదు. నెల్లాళ్ళ సెలవు, గట్టి కడుపు ఉన్నవాళ్ళకు అది మంచి అనుభవమే. మేము ఆలూరు నుంచి బస్సులో గుంతకల్లు వెళ్ళి, రాత్రి రైలెక్కి పొద్దున చెన్నైలో దిగి, ఆ మధ్యాహ్నమే విమానం ఎక్కాము. రైలు సమయానికి చేరింది కాబట్టి సరిపోయింది. రెండు గంటలు ఆలస్యమై ఉంటే సంగతి అప్పుడే తేలిపోయేది. ఒక రాత్రి చెన్నైలో పడుకోవలసిందని ఇప్పుడు అందరికీ చెబుతున్నాను.

విమానం రెండు గంటల పైచిలుకు. మనకు అనుమతి పత్రాలేమీ అక్కరలేదు, గుర్తింపు కార్డు చాలు. నికోబారు దీవులు మాత్రం యాత్రికులకు తెరవలేదు. దిగిన ఊరి పేరు పోర్టుబ్లెయిరు; 2024 సెప్టెంబరులో దానికి శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. అలాగే హేవ్‌లాక్ దీవి 2018 డిసెంబరులో స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ దీవి షహీద్ ద్వీప్ అయింది. ఒకచోట పాతపేరు, ఇంకొకచోట కొత్తపేరు కనిపిస్తే కంగారుపడకండి, ఊరొకటే.

మొదటి రోజే ఒక వింత జరిగింది. భోజనం చేసి, కాస్త నడుము వాల్చి, సాయంత్రం చల్లబడ్డాక సముద్రపు ఒడ్డుకు పోదామని పడుకున్నాము. మా ఊళ్ళో మే నెల మధ్యాహ్నం నాలుగింటికి ఎవరు బయటికి వస్తారు? లేచి కాఫీ తాగి తయారయ్యేసరికి ఆరు దాటింది. బయట దీపాలు వెలిగాయి. గడియారం చెడిందేమోనని మా అబ్బాయి ఫోనంతా వెతికాడు. చెడింది గడియారం కాదు. ఆ దీవులు మనకు బాగా తూర్పున ఉన్నా, గడియారం మాత్రం దేశమంతటికీ ఒకటే. ఆలూరుకంటే అక్కడ సూర్యుడు గంట ముందు ఉదయిస్తాడు, గంట ముందు పోతాడు. పొద్దున అయిదింటికి బాగా తెల్లవారుతుంది. కనుక చూడవలసిందంతా మధ్యాహ్నం మూడులోగా చూసెయ్యాలి. సాయంకాలం షికారు అనే మన అలవాటును చెన్నైలోనే వదిలి వెళ్ళాలి.

రెండోరోజు జైలు. 1896లో కట్టడం మొదలుపెట్టి 1906లో ముగించారు. మధ్యలో ఒక బురుజు, దాని నుంచి చక్రం ఆకుల్లాగా ఏడు వరసల భవనాలు. ఇప్పుడు మూడే నిలిచాయి. ఒక గదిలోని మనిషికి ఎదుటి వరస వీపు తప్ప ఇంకొక మనిషి ముఖం కనపడకుండా కట్టారు. నేను పిల్లలకు ఇవన్నీ పాఠంలాగా చెప్పుకుంటూ నడుస్తున్నాను. మా అమ్మ వినడంలేదు. ఆమె గానుగ దగ్గర ఆగిపోయింది. ఖైదీలను ఎద్దులకు మారుగా కట్టి నూనె తీయించిన గానుగ అది. రోజుకు ముప్పై పౌన్ల కొబ్బరినూనె తీయాలి, తగ్గితే దెబ్బలు. వేరుసెనగ పండే ఊరివాళ్ళం, గానుగంటే మాకు ఎవరూ వివరించనక్కరలేదు. అమ్మ దాని కర్రమీద చెయ్యి వేసి, "ఎద్దుకైనా నడుమ నీళ్ళు పెడతారు గదప్పా, వీళ్ళకు పెట్టిండ్రా?" అని అడిగింది. ఇరవై ఏళ్ళు పాఠం చెప్పినా నాకా ప్రశ్న తోచలేదు.

మూడోరోజు పొద్దున స్వరాజ్ ద్వీప్‌కు పడవ. పడవంటే తెరచాప పడవ కాదు. లోపల కుర్చీలు, చల్లని గాలి ఉన్న పెద్ద మోటారు నౌక. ప్రైవేటువి ఒకటిన్నర గంటలోను, ప్రభుత్వం వారివి రెండున్నర గంటల్లోను చేరుస్తాయి. వాంతులు కాకుండా మాత్ర వేసుకునేవాళ్ళు ఎక్కడానికి అరగంట ముందే వేసుకోవాలి, కడుపు తిప్పడం మొదలయ్యాక వేస్తే అది కూడా బయటికే వస్తుంది. కింది అంతస్తులో మధ్య వరస సీట్లు మేలు. అమ్మకు ఏమవుతుందోనని దారి పొడుగునా ఆమె ముఖం వైపే చూస్తూ కూర్చున్నాను. ఆమె నిబ్బరంగా కిటికీలోంచి చూస్తూ ఎండు జొన్నరొట్టె కొరుక్కుంటూంది. వాంతులు అయ్యింది నాకు.

ఆ జొన్నరొట్టెల సంగతి చెప్పాలి. పలచగా కాల్చి ఎండబెట్టినవి వారం రోజులు నిలుస్తాయి, బరువుండవు. వాటితోపాటు గురెళ్ళ పొడి. చేపలు తినని మాకు అక్కడ ప్రాణం నిలిపింది ఆ రెండే. ఎమ్మిగనూరు పలచటి నూలు తువ్వాళ్ళు కూడా అంతే ఉపకారం చేశాయి, ఆ తేమగాలిలో పూటలో ఆరేవి. మా అమ్మాయి ముచ్చటపడి కొన్న బొచ్చు తువ్వాలు తడిసింది తడిసినట్టే ఇల్లు చేరింది.

రాధానగర్ ఒడ్డుకు ఆ మధ్యాహ్నం వెళ్ళాము. చెట్లు తప్పించుకుని ఇసుకమీదికి రాగానే అమ్మ నిలబడిపోయింది. చాలాసేపు మాట్లాడలేదు. ఏడుస్తుందేమో అనుకున్నాను. తరవాత మెల్లగా నీళ్ళలోకి దిగి, దోసిట పట్టి నోట్లో వేసుకుని ఉమ్మేసింది.

"ఇన్ని నీళ్ళుండాయి గదప్పా! ఒగ బిందెకు పనికిరావే!"

ఆమె కంఠంలో ఆశ్చర్యం కన్న కోపం ఎక్కువగా వినిపించింది, ఎవరో దుబారా చేసినట్టు.

ఒడ్డున కాపలావాళ్ళుంటారు, హద్దు జెండాలుంటాయి. అవి దాటి లోపలికి పోరాదు. కొన్నిచోట్ల మొసళ్ళ హెచ్చరికలు ఉంటాయి; అవి వేడుకకు పెట్టినవి కావు. ఆటుపోట్లు రోజుకు రెండేసి సార్లు వస్తాయి. షహీద్ ద్వీప్‌లో రాతి వంతెన చూడబోయేవాళ్ళు నీళ్ళు తీసే వేళ తెలుసుకుని పోకపోతే, రాళ్ళకు బదులు నీళ్ళనే చూసి రావాలి. మా అబ్బాయి జేబునిండా పగడపు ముక్కలు ఏరుకున్నాడు. పడవ నడిపే కుర్రవాడు చూసి, తీసుకుపోతే విమానాశ్రయంలో పట్టుకుంటారని చెప్పాడు. నిజమే, పగడాలకు 1972 నాటి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. "యాడివి ఆడ పెట్టు నాయనా" అన్నది వాళ్ళవ్వ. పెట్టాడు.

నాలుగోరోజు రాత్రి గాలి లేచింది. అయిదోరోజు పొద్దున పడవలో తిరిగి వచ్చి, మధ్యాహ్నం విమానం ఎక్కాలని నా కాగితంలో ఉంది. ఏజెంటు వేసిన లెక్క అది, నేను సంతోషంగా ఒప్పుకున్న లెక్క. ఒక్క పూట కూడా వృథా కాలేదు చూశారా అని మా ఆవిడతో గొప్పగా చెప్పాను కూడా. పొద్దున రేవుకు వెళితే తలుపు మూసి ఉంది. గాలివల్ల పడవలు లేవు. రేపు? రేపటి మాట రేపే.

విమానం పోయింది, డబ్బు పోయింది. అది కాదు నన్ను కూలబెట్టింది. రెండు రోజులకే కదా అని పెద్ద పెట్టె పోర్టుబ్లెయిరులో బసచేసిన హోటల్లోనే ఉంచి వచ్చాము. అమ్మ రక్తపోటు మాత్రలు ఆ పెట్టెలో ఉన్నాయి. మావెంట తెచ్చినవి రెండు. అవి రెండూ అయిపోయాయి.

ఆ సాయంత్రానికి అమ్మ తల తిరుగుతున్నదంది. "నాకేమీ కాల్యా, ఊరికే కూసుంటే పోతాది" అంటూనే గోడ పట్టుకుంది. వానలో ఆటో పట్టుకుని ఆ దీవిలోని ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాను. అక్కడ నర్సు మా మాటలు విని, "తెలుగోళ్ళా బాబూ?" అన్నది. ఆమె తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళి స్థిరపడ్డారట. ఆ దీవుల్లో 2011 జనాభా లెక్కల ప్రకారం నూటికి పదమూడుగురు తెలుగువాళ్ళని నేను చదివి ఉన్నాను. కాని ఆ పూట ఆ లెక్క ఒక మనిషై ఎదురుగా నిలబడింది.

"మామ్మగారు ఏ మందు వాడతన్నారండీ? పేరేటి?"

నా నోట మాట రాలేదు. తెల్లటి మాత్ర, చిన్నది, పొద్దున ఒకటి. అంతే తెలుసు. ఆరేళ్ళుగా నెలనెలా కొని తెచ్చేది నేనే. చీటీ దుకాణంలో ఇస్తాను, వాళ్ళిచ్చింది తెస్తాను.

"తెల్లవి సేనా ఉంటాయండి బాబూ" అన్నది ఆమె, నవ్వకుండానే.

పద్యంలో ఒక్క అక్షరం గణం తప్పితే పట్టుకుంటాను. కన్నతల్లి మింగే మాత్ర పేరు చూడలేదు. ఆ బల్లమీద కూర్చుని, పక్కనే నీరసంగా కళ్ళు మూసుకున్న అమ్మ చెయ్యి పట్టుకుని ఉన్నప్పుడు నాకు కలిగిన సిగ్గు ఇప్పటికీ పోలేదు. చివరికి మా అమ్మాయికి ఉపాయం తట్టింది. ఆదోనిలో మేము మందులు కొనే దుకాణానికి ఫోను చేసింది. మూడుసార్లు తెగిపోయి నాలుగోసారి కలిసింది. వాళ్ళు పాత చీటీ వెతికి పేరు చెప్పారు. అదే మందు వేరే కంపెనీ పేరుతో ఆ కేంద్రంలో ఉంది. డాక్టరు చూసి ఇచ్చారు. ఆ రాత్రి పదింటికి గాని అమ్మ తేరుకోలేదు. నర్సు తన పని ముగిశాక కూడా ఒక గంట ఉండిపోయింది. అమ్మ ఆమెకు జొన్నరొట్టె మీద గురెళ్ళ పొడి వేసి ఇచ్చింది. "ఇదేటమ్మా, ఇంత కమ్మగుంది!" అని రెండోది అడిగి తిన్నది.

పడవలు ఏడోరోజు కదిలాయి. కొత్త టిక్కెట్లు అయిదుగురికీ ఒకేసారి కొనవలసి వచ్చేసరికి మేడమీద గది గోడలు, కప్పు కూడా పోయాయి. మొత్తం లక్షన్నర అవుతుందనుకున్నది రెండు లక్షలు దాటింది. చేతిలో రొక్కం తగినంత పెట్టుకోవడం కూడా అక్కడే నేర్చుకున్నాను. కరెంటు పోయిన రోజున ఏటీఎం ముందు నిలబడి ఏం లాభం?

అందుకే మా లెక్కల మిత్రుడికి వరస తిరగేసి చెప్పాను. విమానం దిగిన మర్నాడే దూరపు దీవికి పొండి. జైలు, మ్యూజియం, ఊళ్ళో చూడవలసినవి ఆఖరుకు ఉంచుకోండి. తిరుగు విమానానికి ముందు కనీసం ఒక రాత్రి, వానాకాలమైతే రెండు రాత్రులు, విమానాశ్రయమున్న ఊళ్ళోనే ఉండండి. సముద్రానికి ఒక రోజు అప్పుగా ఇవ్వడానికి సిద్ధంగా ఉండాలి. తీసుకోకపోతే ఆ రోజున జైలు చూడొచ్చు. మందులు పెట్టెలో కాదు, చేతిసంచిలో. అయిదు రోజుల ప్రయాణానికి పది రోజుల మందులు. మందు అసలు పేరు, మోతాదు ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఇద్దరి దగ్గర ఉంచాలి. రోజుకు చూసే చోట్లు పిల్లల కాళ్ళను బట్టి కాదు, ఇంట్లో పెద్దవాళ్ళ కాళ్ళను బట్టి లెక్క వేయాలి.

ఆయన, "బారాటాంగు కూడా వెళ్ళాలనుకుంటున్నామండీ, దారిలో జరవా జాతివాళ్ళు కనబడతారట" అన్నారు. సున్నపురాతి గుహలు చూడడానికి పొండి, తప్పులేదన్నాను. ఆ రోడ్డు వాళ్ళ అడవి మధ్యనుంచి పోతుంది. బండ్లను గుంపులుగా, కాపలాతో పంపుతారు. ఆగకూడదు, ఫోటో తీయకూడదు, తినేవేవీ విసరకూడదు. ఉన్నదే కొద్ది వందలమంది. మేము మాత్రం వెళ్ళలేదు. ఏటా మా ఆలూరు వైపునుంచి సుగ్గికని గుంటూరు మిరప చేలకు లారీల్లో పోయే కుటుంబాలను, వాళ్ళలో నా విద్యార్థులను, ఎవరో కారు ఆపి ఫోటో తీస్తే నాకెట్లా ఉంటుంది?

మిత్రుడు జనవరికి టిక్కెట్లు కొన్నారు. ఆఖరి రెండు రాత్రులూ పోర్టుబ్లెయిరులోనే. వాళ్ళ మామగారి మందుల పేర్లు మూడు కాగితాల మీద రాసి, ఒకటి నాకూ ఇచ్చి వెళ్ళారు. ఈ సంగతి ఇంట్లో చెప్పగానే అమ్మ వంటింట్లోకి పోయి గురెళ్ళు వేయించడం మొదలుపెట్టింది. ఆ నర్సుకు పంపాలట. రెండు కిలోల డబ్బా తయారైంది. విమానంలో మనిషికి పదిహేను కిలోలే కదా మాస్టారూ, ఇది ఎవరి లెక్కలో వేసుకోమంటారు అని ఆయన నిన్న రెండుసార్లు ఫోను చేశారు.